ఎపాక్సీ నేలపూత
ఎపాక్సీ నేలపూత అనేది కాంక్రీటు గచ్చుపై రెజిన్, హార్డనర్ అనే రెండు భాగాలను కలిపి వేసే రక్షణ పూత. ఇళ్ల గ్యారేజీలు, గిడ్డంగులు, కర్మాగారాల్లో దీన్ని వాడతారు.

ఎపాక్సీ రెజిన్లను 1930, 1940 దశకాల్లో స్విట్జర్లాండ్‌కు చెందిన పియర్ కాస్టాన్, అమెరికాకు చెందిన సిల్వన్ గ్రీన్లీ వేర్వేరుగా అభివృద్ధి చేశారు. ప్రధాన రకం బిస్ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌ల రసాయన చర్యతో తయారవుతుంది.

కొత్త కాంక్రీటుకు సాధారణంగా 28 రోజుల తర్వాతే పూత వేస్తారు. ముందుగా నూనె మరకలు తొలగించి, పగుళ్లు పూడ్చి, వజ్రపు గ్రైండర్‌తో గానీ ఆమ్లంతో గానీ ఉపరితలాన్ని గరుకు చేస్తారు. నేలకు అతికించిన ప్లాస్టిక్ షీటు కింద 16 గంటల తర్వాత చెమ్మ కనిపిస్తే పూత వాయిదా వేస్తారు. తేమ పైకి ఉబికితే పూత బుడగలెత్తి ఊడిపోతుంది. నేల ఉష్ణోగ్రత మంచుబిందు స్థానం కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలి.

భాగాలు కలిపాక మిశ్రమం ఉష్ణం వెలువరిస్తూ త్వరగా గట్టిపడుతుంది. అందుకే కొద్దికొద్దిగా కలిపి రోలర్‌తో పరుస్తారు. పూర్తిగా గట్టిపడటానికి సుమారు 7 రోజులు పడుతుంది. అంతకుముందే వాహనం నిలిపితే వేడి టైర్లకు పూత అంటుకుని లేచిపోవచ్చు.

ఈ పూత నూనె, ఇంధనం, రాపిడిని తట్టుకుంటుంది. అతినీలలోహిత కిరణాలకు పసుపుబారుతుంది కాబట్టి ఎండ తగిలేచోట పైపొరగా పాలీయురెథేన్ వేస్తారు.