మహమ్మద్ దిగిపోయిన జీపు

మా దోస్తు ఇంటి వెనక వేపచెట్టు కింద ఒక జీపు పద్దెనిమిదేళ్లు నిలబడి ఉంది. వాళ్ల నాయన సర్కారు వేలంలో కొన్న బండి. ఆయన పోయాక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. టైర్లు మట్టిలో దిగబడ్డాయి. బానెట్ కింద ఉడతలు కాపురం పెట్టాయి. కబాడీ అతను రెండుసార్లు వచ్చి తూకం లెక్కన అడిగిపోయాడు. మూడోసారి వచ్చేలోగా దాన్ని నడిపించి తీరాలని మేమిద్దరం పంతం పట్టాం. మేము పత్రికల్లో రాసి బతికేవాళ్లం, అతను బడిపంతులు. ఇద్దరికీ పానా పట్టుకోవడం రాదు. అయితే అతనిది కమ్మరి ఇల్లు, ఇనుమంటే బెదురు లేదు. మాకేమో మెకానిక్కులంతా మా బస్తీవాళ్లే. ఆ ధైర్యంతో బండిని ట్రాక్టరుకు కట్టి ఉస్తాద్ షెడ్డుకు లాక్కుపోయాం.

బండి పుట్టుక కొంచెం చెప్పాలి. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలికైన బండి కావాలంటే, బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా చేసి ఇచ్చింది. అంత చిన్న కంపెనీ వల్ల అన్ని బండ్లు కావని సైన్యం ఆ నమూనాను విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ చూపించింది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు దించాయి. బాంటమ్ పేరు ఇవాళ ఎవరికి గుర్తు? మొదట చెమటోడ్చినవాడి పేరు పోవడం ఈ బండి పుట్టుకలోనే ఉందన్నమాట.

మాది సీజే-3బీ రకం. అమెరికాలో 1953లో వచ్చింది. అంతకు ముందు ఇంజన్‌లో గాలి లోపలికి తీసుకునే వాల్వూ, పొగ బయటికి పంపే వాల్వూ రెండూ బ్లాకులోనే ఉండేవి. కొత్త ఇంజన్‌లో లోపలికి తీసుకునే వాల్వును పైకి, హెడ్‌లోకి ఎక్కించారు. బలం పెరిగింది, ఇంజన్ ఎత్తూ పెరిగింది, దాంతో బానెట్ కూడా ఎత్తు చేయాల్సి వచ్చింది. మన ఊళ్లలో తహశీల్దారు, బీడీవో, ఎస్సై ఎక్కి తిరిగిన ఎత్తుముక్కు జీపు అదే. అక్కడ 1968లో ఆపేశారు. ఇక్కడ మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేశారు. డ్రైవర్ పక్కన మామూలు గేరు రాడ్డు కాక ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా బలం పంపుతుంది, రెండోది వేగం తగ్గించి లాగుడు పెంచుతుంది. రోడ్డు లేని ఊరికి కూడా సర్కారు చేరుకోగలిగిందంటే ఆ రెండు రాడ్ల పుణ్యమే. అది ఊరికి మంచికా చెడుకా అన్నది ఏ ఊరిని అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

మా తగువు మొదటి రోజే మొదలైంది. దోస్తుకు ఈ బండిని రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులా తీర్చిదిద్దాలని కోరిక. ముందు జాలీకి తొమ్మిది చీలికలుండాలి, సినిమాల్లో చూసినట్టు. ఉస్తాద్ నవ్వాడు. తొమ్మిది చీలికలు యుద్ధం నాటి మిలిటరీ జీపుకు. మామూలు జనానికి అమ్మిన జీపుకు ఏడే. "ఏడున్న ముఖానికి తొమ్మిది పెడితే వేషం అయితది సార్, బండి కాదు" అన్నాడు. సరే, అసలు రూపానికే తెద్దామన్నాం. అప్పుడు ఆయన బానెట్ ఎత్తి చూపించాడు. లోపల ఉన్నది పెట్రోలు ఇంజనే కాదు. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక ఎవరో, ఎప్పుడో, దాన్ని పీకేసి డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టారు. చాసీ 1960ల నాటిది. గేర్ బాక్సు వేరే జీపుది. కమాను పట్టాలు లారీ పట్టాల నుంచి కోసి వంచినవి. స్టీరింగ్ చక్రం అంబాసిడర్‌ది. వెనక బాడీ సగం రేకు కొట్టి అతికినది, ఆ అతుకు తన చేతి పనే కావచ్చని ఉస్తాద్‌కే అనుమానం.

"ఇస్‌మే అస్లీ క్యా హై, సాబ్?" అన్నాడు. ఇందులో అసలైనది ఏది?

ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. బండికి కాకపోయినా మాకు చాలాసార్లు వేసిన ప్రశ్నే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రాసేది తెలుగులో, తిట్టుకునేది రెండింట్లోనూ. మీరు అసలు ఎక్కడివాళ్లని రైల్లో పక్క సీటువాళ్లు అడుగుతారు. ఫలానా ఊరు అంటే తృప్తి ఉండదు. "అంతకు ముందు?" అంటారు.

ఇక కాగితాల సంగతి. ఆర్సీలో పెట్రోలు అని ఉంది, బండి కడుపులో డీజిల్ ఉంది. కంపెనీ తయారు చేసినప్పటి వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పవర్ స్టీరింగు, వెడల్పు టైర్లు, ఎత్తు పెంచిన కమాన్లు అంటూ దోస్తు కట్టిన గాలిమేడలన్నీ అక్కడే కూలాయి. ఈ రూలును మేము తప్పుపట్టం. బ్రేకులు చాలని బండికి పెద్ద ఇంజన్ పెడితే చచ్చేది దారిన పోయేవాళ్లు. రాణిగంజ్ దుకాణాలన్నీ తిరిగి, విజయవాడ ఆటోనగర్ దాకా పోయి, చివరికి ఒక పాత పెట్రోలు ఇంజన్ సంపాదించాం. బోరు కొట్టించి, పిస్టన్లు మార్పించి, కాగితంలో ఏముందో కడుపులో అదే పెట్టించాం.

కానీ అదే 2019 మా ఇళ్లలో ఇంకోలా గడిచింది. ఆగస్టు 31న అస్సాం పౌర జాబితా వెలువడింది. 19 లక్షల మందికి పైగా మనుషులు అందులో లేరు. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాల వాళ్లకు దారి తెరిచి, ముస్లిం అన్న మాటను వదిలేసింది. ఆ నెలంతా మా బస్తీలో ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. ఒకే ముసలమ్మ పేరు రేషన్ కార్డులో ఒకలా, ఓటరు లిస్టులో ఇంకోలా. 'నిసా' రాయడం తెలియని గుమాస్తా 'బీ' అని ముగించాడు. ఖాన్‌కు ఒత్తు పోయి కాన్ అయ్యింది. రాసింది వాళ్లు, రుజువు చేసుకోవాల్సింది మేము. జీపుకైతే ఇంజన్ మార్చి కాగితానికి సరిపెట్టాం. మనిషిలో ఏది మార్చి సరిపెట్టాలి?

డాష్‌బోర్డుకు కొట్టిన రేకు పలకను షాగిర్దు పిల్లాడు కిరోసిన్ గుడ్డతో తుడుస్తుంటే కంపెనీ పేరు బయటపడింది. అప్పుడు మేము ఉస్తాద్‌కు ఒక సంగతి చెప్పాం. నలభై అయిదేళ్లకు పైగా జీపులు విప్పి బిగించిన మనిషి, ఆ సంగతి వినలేదు. 1945 అక్టోబరు 2న ఈ కంపెనీ పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. జగదీశ్ చంద్ర, కైలాశ్ చంద్ర అనే మహీంద్రా సోదరులకు తోడు మూడో భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్. అప్పటికది ఉక్కు వ్యాపారం. ఆ గులాం మహమ్మద్ హైదరాబాదుకు కొత్తవాడేం కాదు, 1940ల మొదట్లో నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడే. దేశం రెండు ముక్కలయ్యాక పాకిస్తాన్ పోయి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అన్న పొడి అక్షరాలు మాత్రం మారలేదు. 1949లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపులు బిగించడం మొదలయ్యేనాటికి మహమ్మద్ బండి దిగిపోయి ఉన్నాడు.

ఉస్తాద్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అచ్ఛా, హమారా భీ థా" అన్నాడు. మనదీ ఉండెనన్నమాట.

ఇక్కడ మేము ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గులాం మహమ్మద్ కోసం ఏడ్చే పని మాకు లేదు. ఆయన తన ఇష్టంతో పోయాడు. 1953లో ఆ దేశ ప్రధానిని దించేశాడు, 1954లో రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. పోయిన భాగస్వామి పేరు కంపెనీ తీసేయడంలో తప్పూ లేదు. అది వ్యాపారం. మా బాధ పోనివాళ్ల గురించి. ఆయన దిగిపోయాడు గనక మేమందరం దిగిపోయినట్టే లెక్కగట్టే వాళ్ల గురించి. ఎం అండ్ ఎంలో రెండో ఎం ఎవరిదో ఈ దేశంలో ఎంతమందికి తెలుసు? తెలిస్తే, బండి బిగించే ఉస్తాద్‌ను పాకిస్తాన్ పొమ్మనే కుర్రాడి నోరు ఒక్క క్షణమైనా ఆగదా?

తర్వాత రంగు గీకడం. పైన సర్కారు తెలుపు. కింద బూడిద రంగు. దాని కింద, తలుపు లేని ఆ పక్క అంచున, మిలిటరీ పచ్చ కనిపించింది. పేపరు పట్టి రుద్దుతున్న మేము ఆగిపోయాం. ఈ బండి 1960ల నాటిదని తెలుసు, 1948లో అది పుట్టనేలేదు. అయినా చెయ్యి ఆగింది.

మా నానీది బీదరు వైపు పల్లె. పోలీసు చర్య నాటికి ఆమెకు పదమూడేళ్లు. బతికినంత కాలం జీపు ఎక్కలేదు. వీధిలో ఎన్నికల జీపు మైకు పెట్టుకుని వచ్చినా తలుపు గొళ్లెం పెట్టేది. ఏం చూసిందో చెప్పలేదు, మేమూ గుచ్చి అడగలేదు. 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో ముగిసిన ఆ చర్య వెనక ఏం జరిగిందో చూడటానికి పండిత్ సుందర్‌లాల్, 'పయామ్' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ ఊరూరా తిరిగారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల పాటు తొక్కిపెట్టింది. 2013లో గానీ ఢిల్లీలో జనం చూసే వీలు కలగలేదు. అప్పటికి నానీ లేదు.

ఇది చెప్పేటప్పుడు దోస్తు ముఖం వైపు చూడటానికి మాకు కొంచెం బెరుకే. ఎందుకంటే అంతకు ముందు రజాకార్లు చేసిన ఘోరాలున్నాయి, బైరాన్‌పల్లి ఉంది. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపిన వాళ్లూ వాళ్లే. మా వృత్తివాడు, మా మతంవాడు. ఆ చరిత్రను దాచి మా చరిత్రను చెప్పడం మాకు చేతకాదు. కానీ దోస్తు చెప్పింది వేరు. వాళ్ల తాత నల్లగొండ జిల్లాలో కొలిమి నడిపేవాడు. సంగపోళ్లకు బరిసెలు సాగదీసి ఇచ్చాడని రజాకార్లు వచ్చి కొలిమి కూల్చారు. ఆ తర్వాత, పోలీసు చర్య అయ్యాక, సంగపోళ్ల కోసం వెతుక్కుంటూ యూనియన్ సైన్యం వచ్చింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా ఆ ముసలాయన ఇంట్లో నిద్రపోయింది తక్కువ.

"మా తాత గూడ జీపు సప్పుడు ఇంటే చెలక పట్టేటోడు రా" అన్నాడు దోస్తు. "మా నాయన అందుకే కొన్నడేమో ఈ బండి."

ముప్ఫై ఏళ్ల స్నేహంలో ఈ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రం రంగు గీకడం సాగలేదు. ఉస్తాద్ చాయ్ తెప్పించాడు.

జీపు మాట వస్తే మావాళ్లు తక్కిన జీపులన్నీ వదిలి ఒకటే గుర్తు చేసుకుంటారు, అబ్దుల్ హమీద్ జీపు. ఘాజీపూర్ జిల్లా ధామూపూర్‌కు చెందిన దర్జీ కొడుకు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర, జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల ఫిరంగితో పాటన్ ట్యాంకులను కొట్టి అక్కడే చనిపోయాడు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ ఫిరంగి వెనక్కి తన్నదు గానీ, పేలిన ప్రతిసారీ వెనకనుంచి మంట, దుమ్ము ఎగజిమ్ముతుంది. ఎక్కడినుంచి కొట్టారో శత్రువుకు తెలిసిపోతుంది, క్షణంలో జీపును ఇంకో చోటికి తప్పించాలి. జీపు మొరాయిస్తే మనిషి లేడు.

మేము చదివిన బడిలో ఏటా ఆగస్టు 15కు మమ్మల్ని లేపి హమీద్ గురించి మాట్లాడమనేవారు. భగత్ సింగ్ గురించి మాట్లాడతామంటే అది ఇంకో పిల్లాడికి ఇచ్చామనేవారు. హమీద్ మీద మాకున్న ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆయనను మా దేశభక్తికి జామీనుగా ఎన్నాళ్లు పెట్టుకోవాలి? చచ్చి చూపిస్తేనే నమ్మకమా? ఆ జీపును రాత్రుళ్లు కూర్చుని నడిచే స్థితిలో ఉంచినవాడు, ఇవాళ ఈ షెడ్డులో పడుకుని మా బండి గేర్ బాక్సు దించుతున్నవాడు, వీళ్ల లెక్క ఎక్కడ? ముస్లింలు జీతపు ఉద్యోగాల్లో తక్కువ, సొంత చేతి పనుల్లో ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మాకు ఆ నివేదిక చదవకముందే తెలుసు, ఎందుకంటే మా క్లాసులో సగం మంది ఏడో తరగతి తర్వాత షెడ్లలో తేలారు. మేము డిగ్రీ చదివి వార్తలు రాస్తున్నాం గనక వాళ్ల పేర్లు రాసే పని మాదే. ఇన్నేళ్లూ రాయలేదు. షెడ్డుకు పోయింది స్కూటరు బాగు చేయించుకోవడానికే.

ఉస్తాద్ ఎన్ని జీపులకు ప్రాణం పోశాడో ఆయనకే లెక్కలేదు. ఒక్క జీపు మీద కూడా ఆయన పేరు లేదు. మా బండి మీదైనా రాయిద్దామని దోస్తు అన్నాడు, వెనక తలుపు మీద చిన్న అక్షరాలతో. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "బ్రేకు ఫెయిలైతే నన్నే పట్టుకుంటరు" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత నిజముందో మాకూ తెలుసు గనక బలవంతపెట్టలేదు.

రంగు విషయంలో చివరికి ముగ్గురం రాజీకొచ్చాం. తెలుపు వద్దు, పచ్చ వద్దు. అతని తాత కొలిమిలో ఇనుము చల్లారాక ఉండే రంగు కావాలన్నాడు దోస్తు. పెయింటర్ నాలుగు డబ్బాలు కలిపి దగ్గరికి తెచ్చాడు. మొదటిసారి ఊరు దాటించింది ఒక ఆదివారం పొద్దున. చెరువు కట్ట దిగువన బురదలో ఉస్తాద్ రెండో రాడ్డు లాగితే బండి ఒక్కసారి మూలిగి, నాలుగు చక్రాలతో పైకెక్కింది. దోస్తు చిన్న పిల్లాడిలా కేక పెట్టాడు.

వెనక యాక్సిల్ ఆయిల్ సీలు ఇంకా కారుతోంది. శుక్రవారం నమాజు అయ్యాక బండి తీసుకు రమ్మన్నాడు ఉస్తాద్.