బుర్గెన్‌లాండ్ ఎఱ్ఱ వైను: ఒక నల్ల ద్రాక్ష చరిత్ర

ఆల్ప్స్ పర్వతములు క్రమముగా తగ్గి హంగరీ మైదానములో లీనమగుచోట, 1.8 మీటర్లకు మించని లోతుగల నాయ్‌జీడ్ల్ సరస్సు చుట్టును, దానికి దక్షిణముగను వ్యాపించియున్న బుర్గెన్‌లాండ్ సీమ, తెల్ల వైనులకే పేరుపొందిన ఆస్ట్రియా దేశమునకు ఎఱ్ఱ వైను మూలమున వేరొక కీర్తిని సంపాదించిపెట్టినది. ఆ కీర్తికి ఆధారము బ్లౌఫ్రెంకిష్ అను నల్ల ద్రాక్ష. దాని చరిత్రను పరికించినచో, పానీయమునకు గౌరవము కలుగునది రాజశాసనములవలన కాదనియు, నేలయెడ కాపునకుండు నిజాయితీవలననే యనియు స్పష్టమగును.

ఈ ప్రాంతమున ద్రాక్ష అతిప్రాచీనము. త్సాగర్స్‌డోర్ఫ్ గ్రామము చెంత క్రీ.పూ. 700 ప్రాంతపు సమాధిదిబ్బలో ద్రాక్షగింజలు లభించినవి. అయినను బ్లౌఫ్రెంకిష్ అను పేరు స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దియందే. నేటి స్లొవేనియాలో చేరిన దిగువ స్టీరియా దాని జన్మస్థానమనియు, మధ్యయుగములలో సామాన్యులు విరివిగా పెంచిన హాయ్‌నిష్ అను తెల్లద్రాక్ష దానిని కన్న రెండు తీగలలో నొకటి యనియు జన్యుపరిశోధకులు నిర్ణయించిరి. వసంతమున త్వరపడి చిగిర్చి మంచుదెబ్బకు లోనగుటయు, శరత్తు ముదిరినగాని పండకుండుటయు దీని స్వభావము. కావుననే ఎండయు పొడిగాలియు సమృద్ధిగాగల ఈ మైదానపుటంచున ఇది వేళ్లూనినది. 1922లో క్లోస్టర్‌నాయ్‌బుర్గ్ పాఠశాలయందు ఫ్రిట్జ్ జ్వైగెల్ట్ దీనిని సెయింట్ లారెంట్ అను మఱొక ద్రాక్షతో సంకరపఱచి సృష్టించిన తీగయే నేడు ఆస్ట్రియాలో అన్నిటికంటె విస్తారముగా సాగగుచున్న ఎఱ్ఱ ద్రాక్ష.

1921 వరకు బుర్గెన్‌లాండ్ హంగరీ రాజ్యభాగము. మొదటి ప్రపంచయుద్ధానంతర సంధులచే అది ఆస్ట్రియాకు సంక్రమింపగా, ఆ సీమకు సహజకేంద్రమైన సోప్రోన్ పట్టణము మాత్రము ఆ యేడు డిసెంబరునందు జరిగిన ప్రజాభిప్రాయసేకరణచే హంగరీలోనే నిలిచిపోయినది. సరిహద్దునకు ఆవల కేక్‌ఫ్రాంకోష్ అనియు, ఈవల బ్లౌఫ్రెంకిష్ అనియు వ్యవహరింపబడుచు ఒక్క తీగయే రెండు దేశముల పంటయైనది; తరువాత వచ్చిన ముళ్లకంచె మనుష్యులను 1989 వరకు వేఱుచేసినను, తీగకు స్వభావభేదమును కల్పింపజాలకపోయినది.

ఇంతలో 1985లో మహాపరాభవము సంభవించెను. పలుచని వైనులకు చిక్కదనమును తీపిని తెచ్చుటకై కొందఱు డైఎథిలీన్ గ్లైకాల్ అను రసాయనమును కలిపిరని బయటపడగనే, ప్రధానముగా తీపి వైనులకు సంబంధించిన ఆ దోషము దేశమందలి సమస్త కాపులకును అంటుకొని, విదేశవ్యాపారము కుప్పకూలినది. ఆ సంవత్సరమే ప్రభుత్వము కఠినమైన చట్టమును చేసినది. కాని విశ్వాసమును మరల గెలుచుకొనవలసినది తోటలోనే. రుస్ట్ పట్టణమున ఎర్న్‌స్ట్ ట్రీబౌమర్, మారియెన్‌తాల్ తోటనుండి తీసిన 1986వ సంవత్సరపు బ్లౌఫ్రెంకిష్, ఈ ద్రాక్ష ఎంతటి గాంభీర్యమునకు ఎదుగగలదో లోకమునకు చూపినది. తరువాత పలువురు క్రొత్త ఓక్ పీపాల వాసనకు మోజుపడినను, 2001లో మోరిక్ సంస్థను స్థాపించిన రోలాండ్ వెలిచ్ వంటివారు నెకెన్‌మార్క్ట్, లుట్స్‌మన్స్‌బుర్గ్ గ్రామముల ముదుసలి తీగలను ఆశ్రయించి, పీపా రుచికంటె నేల రుచికే ప్రాధాన్యమిచ్చిరి. 2005లో మధ్య బుర్గెన్‌లాండునకు ఈ ద్రాక్ష పేరనే, ఎఱ్ఱ వైనులలో దేశమందు ప్రథమముగా, డీఏసీ అను ప్రాంతీయ గుర్తింపు లభించినది.

గాజుపాత్రలో వంచినపుడు ఊదా ఛాయగల ముదురు ఎఱుపు. ముక్కున చెర్రీపండు, నల్లని అడవిపండ్లు, మిరియపు ఘాటు. నాలుకపై మొదట చురుకైన పులుపు, పిమ్మట పచ్చి నేరేడు తిన్నట్లు నిలిచియుండు వగరు. బరువైన బంకమన్ను గల మధ్యభాగమున ఇది నిండుగను, లైథా కొండల సున్నపునేలలందు సన్నగను సూటిగను, ఇనుము కలిసిన పలకరాతి ఐజెన్‌బెర్గ్ గుట్టపై ఖనిజపు వాసనతోను పరిణమించును.

ఈ పులుపు వగరులే భోజనమున దీనికి ప్రయోజనమును కల్పించినవి. బుర్గెన్‌లాండునకు రక్షకుడైన మార్టిన్ మహాత్ముని పండుగ నవంబరు 11న రాగా, పెద్దబాతును కొవ్వు కరగి తోలు కరకరలాడువఱకు పొయ్యిలో కాల్చి, పుల్లగా వండిన ఎఱ్ఱ క్యాబేజీతోను, బంగాళాదుంప ఉండలతోను వడ్డింతురు. అట్టి కొవ్వు భోజనమునడుమ ఒక్క గుక్క బ్లౌఫ్రెంకిష్ నోటిని శుభ్రపఱచి, మఱుముద్దకు రుచిని పుట్టించును. లేడిమాంసమునకును, మిరపపొడితో మందముగా ఉడికించిన గూలాష్ పులుసునకును ఇది ఇంతే అనుకూలము. సున్నితమైన చేపవంటకమును మాత్రము దీని వగరు అణచివేయును.

చట్టము మోసమును ఆపగలదు గాని రుచిని సృష్టింపజాలదు. ఒకనాడు దేశము పేరే వినరాని మాటయైనపుడు, ఈ కాపులు ఆ పేరును వదలుకొనక, తమ గ్రామము పేరును, తోట పేరును సైతము సీసాపై చేర్చి, వానికి తామే పూచీపడిరి. బుర్గెన్‌లాండ్ ఎఱ్ఱ వైనుకు నేడున్న మర్యాద ఆ పూచీకి దక్కిన ఫలము.