‘ఆర్కురైటు’ అను నింటిపేరు

ఆంగ్లేయుల యింటిపేరులలో వృత్తివాచకములు పెక్కులు గలవు. అందొకటి ‘ఆర్కురైటు’. ఇది సమాసము. ఉత్తరపదమగు ‘రైటు’ నిర్మించువాడను నర్థముగల ప్రాచీనాంగ్ల శబ్దమునుండి కలిగినది. పూర్వపదమగు ‘ఆర్కు’ లాటినునుండి వచ్చినది; పెట్టె యని యర్థము. సంస్కృతమున ‘కుంభకార’ శబ్దమెట్టిదో యిదియు నట్టిదే.

బైబిలునందలి నోవహు నోడకును ‘ఆర్కు’ అనియే పేరగుటచే, ఓడలు కట్టువాడని దీనికర్థము తోచవచ్చును. అది పొసగదు. అట్టివానికి ‘షిప్పురైటు’ అను వేఱుపేరు కలదు. మఱియు ఉత్తరేంగ్లండు మాండలికములందు ‘ఆర్కు’ అనగా పిండియు ధాన్యమును నిలువచేయు కొయ్యపెట్టె. ఈ యింటిపేరును ముఖ్యముగా నా దిక్కుననే, లాంకషైరు మండలమున, నెలకొన్నది. అర్థమునకు స్థానము సాక్ష్యము పలుకుచున్నది.

ఆ మండలమునందలి ప్రెస్టనులో 1732లో జన్మించిన రిచర్డు ఆర్కురైటు క్షురకవృత్తితో జీవనమారంభించి, కృత్రిమకేశముల వ్యాపారము చేసి, 1769లో నూలు వడకు యంత్రమునకు పేటెంటు పొందెను. పెట్టెలు చేయుట యాతని వృత్తి కాదు. అప్పటికే యోగార్థము తొలగి, రూఢిచే నాపేరు వంశమును మాత్రమే తెలుపుచుండెను.

కావున నింటిపేరుల వ్యుత్పత్తి నెఱుగగోరువారు నిఘంటువుతోబాటు దేశపటమును గూడ పరిశీలింపవలెను.