ఆంగ్ల పదములు – తెలుగు అర్థములు : ఒక చారిత్రక పరిశీలన

శతవార్షిక సంచికలలో సంఘాల చరిత్ర, దేవాలయాల చరిత్ర, పాఠశాలల చరిత్ర వ్రాయడం వాడుక. ఆ పాఠశాలల బల్లలమీద కూర్చున్న పిల్లలు కొత్త ఆంగ్ల పదాన్ని ఎలా నేర్చుకొన్నారు, దాని అర్థం వారికి ఎక్కడనుండి వచ్చింది అన్నది కూడా చరిత్రే. ఉద్యోగం కోసం, కోర్టు పని కోసం, పరీక్ష కోసం, గ్రంథపఠనం కోసం తెలుగువారు రెండు వందల యేండ్లకు పైగా కష్టమైన ఇంగ్లీషు మాటలతో కుస్తీ పడుతూనే వున్నారు. ఈ శ్రమలో ఒక ప్రశ్న తరతరాలుగా మనలను వెంటాడుతున్నది. అర్థం చెప్పడమంటే ఒక తెలియని మాటకు బదులు మరొక తెలియని మాట అప్పగించడమా? లేక మనకు తెలిసిన మాటలోనికి దానిని దింపడమా?

వల్లె వేయుట

ఇంగ్లీషు రాకముందే మనకు పదాలు నేర్చుకొనే పద్ధతి ఒకటి వున్నది. అది అమరకోశం వల్లె వేయడం. అమరసింహుడు ఒకే అర్థం గల పదాలను ఒకచోట చేర్చి శ్లోకాలుగా కూర్చినాడు. స్వర్గానికి ఎన్ని పేర్లు, అగ్నికి ఎన్ని పేర్లు, నీటికి ఎన్ని పేర్లు అని పిల్లలు కంఠస్థం చేసేవారు. గురువు దగ్గర కూర్చుని వివరణ వినగలిగిన వానికి అది గొప్ప నిధి. వివరణ అందని వానికి అది వట్టి శబ్దం.

ఈ లోపాన్ని 19వ శతాబ్ది ఆరంభంలోనే ఇద్దరు కనిపెట్టారు. ఒకరు వెన్నెలకంటి సుబ్బారావు గారు. ఆంగ్లంలో స్వీయచరిత్ర వ్రాసిన తొలి తెలుగువారిగా ఆయన పేర్కొనదగినవారు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1873లో అచ్చయినది. మద్రాసు సదర్ అదాలతు కోర్టులో అనువాదకులుగా పనిచేసిన ఆయన మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యులు. పిల్లలు చదివినదాని అర్థం తెలియకుండానే చదువుతున్నారని 1820లో ఆయన ఆ సొసైటీకి తెలియజేశారు. రెండవవారు బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ దొర. 1823లో ఆయన తన జిల్లాలోని 533 పాఠశాలలను గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపారు. ఆ పాఠశాలలలో 6,641 మంది చదువుకొంటున్నారు. పద్యాల భాష వేరు, ఇంటి భాష వేరు కావడంవల్ల పిల్లలు చిలుకల్లాగా పద్యాలు అప్పజెబుతున్నారే గాని అర్థం ఎరుగరని ఆయన వ్రాశారు. ఇంగ్లీషు బడులు వచ్చిన తరువాత ఈ అలవాటు పోలేదు. అమరం స్థానంలో ఇంగ్లీషు పదాల పట్టిక వచ్చి కూర్చున్నది.

నిఘంటువుల పుట్టుక

కాంప్‌బెల్ దొర కలెక్టరు మాత్రమే కాదు, తెలుగు వ్యాకరణం (1816), తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1821) ప్రచురించిన పండితుడు. ఆ నిఘంటువుకు పునాది మచిలీపట్నం వాస్తవ్యులు మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక. తెలుగు పదాలను అకారాది క్రమంలో కూర్చిన ఆ గ్రంథమే లేకపోతే దొరగారి పని సాగేది కాదు. ఇంగ్లీషు పదానికి తెలుగు అర్థం వెదకుకొనడానికి జె. సి. మారిస్ నిఘంటువు 1835, 1839లలో రెండు సంపుటాలుగా వెలువడినది.

ఇక సి. పి. బ్రౌను దొర సంగతి అందరికీ తెలిసినదే. ఆయన 1798లో కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకులు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన తరువాత ఆయన తెలుగుకు అంకితమయ్యారు. 1852 మొదలు 1854 వరకు తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు, మిశ్రభాషా నిఘంటువులు మూడూ మద్రాసులో క్రిస్టియన్ నాలెడ్జి సొసైటీవారి ముద్రణాలయంలో అచ్చయ్యాయి. వేపేరిలోని ఆ ముద్రణాలయానికి ఒక కథ వున్నది. 1761లో ఇంగ్లీషు సైన్యం పుదుచ్చేరిని ఫ్రెంచివారినుండి పట్టుకొన్నప్పుడు అక్కడ దొరికిన అచ్చుయంత్రాన్ని వేపేరిలోని ఫెబ్రీషియస్ అనే లూథరన్ మిషనరీకి అప్పగించారు. యుద్ధంలో దోచిన సొత్తు నుండి మొదలైన ఆ ముద్రణాలయం చివరకు తెలుగువారికి నిఘంటువులు ఇచ్చినది.

బ్రౌను ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో గమనింపదగినది ఆయన పెట్టుకొన్న లక్ష్యం. ఆంగ్లపు నుడికారాలను, పదబంధాలను తెలుగులో విప్పి చెప్పడం తన పని అని పుస్తకం ముఖపత్రం మీదనే ప్రకటించారు. మాట ఒంటరిగా వుండదు, వాక్యంలో బ్రతుకుతుంది అని ఆయన గుర్తించారు. జూలూరి అప్పయ్య గారివంటి పండితులు ఆయనకు తోడు నిలిచారు. 1903లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సవరించి మరల ప్రచురించినప్పుడు కందుకూరి వీరేశలింగం గారు సవరించినవారిలో ఒకరు. ఈ విధంగా నిఘంటువు దొరల సొత్తూ కాదు, పండితుల సొత్తూ కాదు. ఇరువైపులవారు ఎదురెదురుగా కూర్చుని ఒకరి మాట ఒకరు అడిగి తెలుసుకొన్న ఫలం అది.

కష్టమైన మాటకు అంతకంటె కష్టమైన అర్థం

1841లో మచిలీపట్నానికి వచ్చిన రాబర్ట్ నోబుల్ దొర 1843లో ఇంగ్లీషు పాఠశాల స్థాపించారు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చినది. ఇంగ్లీషు రానిదే ఆ గడప దాటడానికి వీలులేదు. అప్పుడు పదార్థాల చదువు ఒక పరుగుగా మారినది. ‘మీనింగులు’ అనే మాట తెలుగు పలుకుబడిలోనికి వచ్చినది. పాఠ్యపుస్తకం కంటె దాని నోట్సు లావుగా వుండడం మామూలైనది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడినది. ఇంగ్లీషు పదానికి ఇచ్చే తెలుగు అర్థం గ్రాంథికంగా వుండేది. ‘బెనివలెంట్’ అంటే పరహితాభిలాషి అని, ‘సర్కమ్‌స్పెక్ట్’ అంటే జాగరూకుడు అని వ్రాసుకొన్న విద్యార్థికి ఒక భారం పోయి రెండు భారాలు మీద పడ్డాయి. అదే ‘పదిమంది మేలు కోరేవాడు’ అనీ, ‘నాలుగు వైపులా చూచి అడుగు వేసేవాడు’ అనీ చెబితే పొలంనుండి వచ్చిన పిల్లవానికి కూడా తక్షణం తెలుస్తుంది. ఇంటిలో తాత, తండ్రి పండితులైతే ఆ గ్రాంథికపు అర్థాన్ని వారు విడమరచి చెప్పేవారు. మొట్టమొదటిసారి బడిమెట్టు ఎక్కిన కుటుంబాల పిల్లలకు చెప్పే దిక్కు లేదు. వారు బుద్ధిలో తక్కువవారై తప్పలేదు. వారి భాషలో అర్థం చెప్పినవారు లేక తప్పారు.

20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్స్ దొర బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని ప్రశ్నించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను పట్టుకొని వ్యావహారిక భాషోద్యమం నడిపారు. సవర భాషకు ఆయన వ్యాకరణం (1931), నిఘంటువు (1938) కూర్చినది కూడా జనం నోటి మాట విని వ్రాసుకొనే. ఇది తెలుగు రచన కోసం జరిగిన వాదం మాత్రమే అని మనం అనుకొంటాము. ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లవానికి కూడా దానివల్ల మేలు కలిగినది. అర్థం తన భాషలో అందడానికి దారి ఏర్పడినది.

మాటలకు చుట్టరికాలు

1852లోనే లండనులో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు ‘థెసారస్’ అనే పదకోశం ప్రచురించాడు. అందులో పదాలు అకారాదిగా కాక అర్థాన్నిబట్టి గుంపులుగా వుంటాయి. తన పీఠికలో రోజెట్, తనకు ముందే ఇటువంటి పని చేసిన గ్రంథంగా మన అమరకోశాన్ని పేర్కొన్నాడు. కోల్‌బ్రూక్ ఆంగ్ల వివరణతో అమరకోశం 1808లో శ్రీరాంపూరులో అచ్చయి వున్నది. మనం వట్టి వల్లెవేతగా తలచే అమరంలోని పద్ధతి మంచిదేనని, అర్థం విడిచి శబ్దాన్ని పట్టుకొనడమే తప్పు అని దీనివల్ల తెలుస్తున్నది.

ఇంగ్లీషు కఠిన పదాలలో చాలా భాగం లాటిను, గ్రీకు ధాతువులనుండి వచ్చినవి. మన సంస్కృత పదాలవలెనే వాటికీ ఉపసర్గలు వున్నాయి. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం ఒకే ధాతువు పిల్లలైనట్లు, ‘చూచుట’ అనే అర్థంగల లాటిను ధాతువునుండి ఇన్‌స్పెక్షన్ (లోపలికి చూచుట), ప్రాస్పెక్ట్ (ముందుకు చూచుట), రెట్రోస్పెక్ట్ (వెనుకకు చూచుట) వచ్చాయి. ఒక్క ధాతువు తెలిస్తే పది మాటల తలుపు తెరుచుకొంటుంది.

ఈ సంచిక సందర్భంలో మనం వాడే మాటలనే చూడండి. ‘సెంటినరీ’లోని లాటిను ‘కెంటుమ్’కు, మన ‘శతం’కు పూర్వరూపం ఒక్కటే. ‘సావనీర్’ అంటే ఫ్రెంచిలో జ్ఞాపకం. ‘డయోసీస్’ గ్రీకులో ఇంటి నిర్వహణ అనే అర్థంనుండి పుట్టి, రోమను రాజ్యంలో పరిపాలనా విభాగమై, తరువాత సంఘంలోనికి వచ్చినది. ‘బిషప్’కు మూలమైన గ్రీకు మాటకు పైనుండి కనిపెట్టి చూచువాడు అని అర్థం. దానికి మన బైబిలు అనువాదకులు ఎంచుకొన్న మాట ‘అధ్యక్షుడు’. అందులోని ‘అక్షం’ కూడా కన్నే! ‘కాంగ్రిగేషన్’లో మందను తెలిపే లాటిను మాట, ‘పాస్టర్’లో కాపరి దాగి వున్నారు. ఇవి తెలిసిన తరువాత ఆ మాటలను ఎవరు మరచిపోగలరు?

కాలం మార్చిన అర్థాలు

ధాతువు తెలిసినా చాలదు. మాట కాలంతో నడుస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ‘చారిటీ’ అని వున్నది. నేటి నిఘంటువు చూచి దానధర్మం అని చెప్పుకొంటే అధ్యాయమంతా తారుమారవుతుంది. 1881 సవరణలో ఆంగ్లేయులే దానిని ‘లవ్’ అని మార్చుకొన్నారు. మన తెలుగు బైబిలులో ప్రేమ అనే వున్నది. అదే పాత ఇంగ్లీషులో ‘ప్రివెంట్’ అంటే అడ్డగించుట కాదు, ముందుగా వెళ్ళుట. ‘లెట్’ కొన్నిచోట్ల అడ్డగించుట. ‘కాన్వర్సేషన్’ అంటే సంభాషణ కాదు, ప్రవర్తన. ఇంగ్లీషు బైబిలు ప్రక్కన తెలుగు బైబిలు పెట్టుకొని చదివినవారికి ఈ తేడాలు కనబడతాయి. నిఘంటువు ఒంటరి మాటను మాత్రమే చూపుతుంది. రెండు భాషలలో ఒకే వాక్యం ఆ మాట చేసే పనిని చూపుతుంది.

మనం నేర్వవలసినది

నేడు చేతిలోని ఫోను ఏ పదానికైనా క్షణంలో అర్థం చూపుతుంది. బ్రౌను ముప్పది యేండ్ల శ్రమ మన వేలికొనకు వచ్చినది. కాని కాంప్‌బెల్, సుబ్బారావు గార్లు చెప్పిన దోషం పోయినదా? రోజుకు ఇరవై మాటలు వ్రాసుకొని వారాంతానికి మరచే పిల్లలు ప్రతి ఇంటా వున్నారు.

కాబట్టి తల్లిదండ్రులకు, ఆదివారపు బడి ఉపాధ్యాయులకు మనవి. పిల్లలకు కొత్త పదం చెప్పినప్పుడు దాని చుట్టాలను చెప్పండి. అది వున్న వాక్యం చదివించండి. ఆ తరువాత పుస్తకం మూయించి, ‘దీన్ని మీ అమ్మమ్మకు ఎలా చెబుతావు?’ అని అడగండి. ఇంటి తెలుగులో చెప్పగలిగితే ఆ మాట వచ్చినట్టు. చెప్పలేకపోతే పిల్లలను నిందింపక, ఇంకొకసారి మనమే విప్పి చెప్పాలి. నిఘంటువులు కూర్చిన పెద్దలు ఒకరినొకరు ఓపికగా అడిగి తెలుసుకొన్నారు. వారి ఋణం మనం తీర్చుకొనగల మార్గం ఆ ఓపికను మన పిల్లల యెడల చూపడమే.