ఎనిమిదవ దినపు గురుతు

జనవరి 1వ తేదీన మనమందరము నూతన సంవత్సర ఆరాధనకు కూడుకొందుము. పాత ఆంగ్లికను ప్రార్థన గ్రంథములో ఆ దినమునకు క్రీస్తు సున్నతి పండుగ అని పేరు. క్రిస్మస్ మొదలుకొని లెక్కించిన అది ఎనిమిదవ దినము. ఎనిమిదవ దినముననే శిశువునకు సున్నతి జరిగి, యేసు అను పేరు పెట్టబడెనని లూకా వ్రాసియున్నాడు. అయినను మన ప్రసంగములలో సున్నతిని వట్టి బాహ్యాచారమని ఒక్క మాటతో త్రోసివేయుట కద్దు. యూదులు దానికొరకు ప్రాణములు ఎందుకిచ్చిరో తెలిసికొన్నగాని పౌలు చేసిన వాదము మనకు సరిగా బోధపడదు.

ఆదికాండము 17వ అధ్యాయములో 99 ఏండ్ల అబ్రాహాము, 13 ఏండ్ల ఇష్మాయేలు ఒకే దినమున సున్నతి పొందిరి. అది దేవుని నిబంధనకు గురుతు. అయితే ఆ ఆచారము ఇశ్రాయేలీయులకు మాత్రమే ఉన్నది కాదు. యిర్మీయా 9వ అధ్యాయము ఐగుప్తీయులను, ఎదోమీయులను, అమ్మోనీయులను, మోయాబీయులను కూడ ఈ వరుసలో పేర్కొనుచున్నది. ఇరుగుపొరుగువారికిని ఉన్న ఆచారము ఒక జనమును వేరుపరచు గురుతు ఎట్లాయెను? శ్రమలవలన ఆయెను.

అలెగ్జాండరు తరువాత గ్రీకు నాగరికత తూర్పు దేశములలో వ్యాపించెను. గ్రీకులు సున్నతిని ఏవగించుకొనిరి. వారి వ్యాయామశాలలలో యువకులు దిగంబరులై ఆడుచుండిరి గనుక అది దాగునది కాదు. యెరూషలేములో కొందరు యూదులే ఆ ఆనవాలు కనబడకుండ చేసికొనిరని మక్కబీయుల మొదటి గ్రంథము చెప్పుచున్నది. క్రీ.పూ. 167 ప్రాంతమున అంతియొకసు ఎపిఫనేసు రాజు సున్నతిని నిషేధించెను. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపించి, ఆ పసికందులను వారి మెడలకు వ్రేలాడదీయించెను. నాటినుండి సున్నతి యూదునికి ప్రాణముతో సమానమాయెను.

సుమారు క్రీ.శ. 49లో జరిగిన యెరూషలేము సభను ఈ వెలుగులో చూడుడి. తల్లులు ప్రాణములిచ్చి కాపాడిన గురుతును అన్యజనులు ధరింపనక్కరలేదని యూదులైన అపొస్తలులే ఒప్పుకొనుట ఎంత గొప్ప సంగతి! పౌలు యూదురాలి కుమారుడైన తిమోతికి సున్నతి చేయించెను. గ్రీసు దేశస్థుడైన తీతును బలవంతపెట్టనియ్యలేదు. ఇది రెండు నాల్కల ధోరణి కాదు. యూదునికి అది తన జనముయొక్క గురుతు. అన్యునికి దానిని రక్షణకు షరతుగా పెట్టరాదు.

యూదు పండితులును గురుతునకు, జనమునకు గల తేడాను ఎరుగుదురు. సున్నతివలన ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు చనిపోయినయెడల మూడవవానికి చేయరాదని తల్మూదులో తీర్పు కలదు. ఆ బిడ్డయు యూదుడే. యూదు తల్లికి పుట్టినవాడు పుట్టుకతోనే యూదుడని వారి నియమము. కుమార్తెలకు సున్నతి లేకున్నను వారును ఇశ్రాయేలువారే.

ఈ ప్రశ్న ఆధునిక కాలమునను సద్దుమణుగలేదు. 1843లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో కొందరు యూదు తండ్రులు తమ కుమారులకు సున్నతి చేయింప నిరాకరించిరి. అచ్చటి రబ్బీ సొలొమోను ట్రియర్ అనేక రబ్బీల అభిప్రాయములు సేకరించి, 1844లో ప్రకటించి, సున్నతిని సమర్థించెను. సంస్కరణవాదియైన రబ్బీ శామ్యూల్ హోల్డ్‌హైమ్ మాత్రము సున్నతి లేనివాడును యూదుడేనని వాదించెను. 1892లో అమెరికాలోని సంస్కరణవాద రబ్బీలు, క్రొత్తగా యూదు మతములో చేరువారికి అది అవసరము లేదని తీర్మానించిరి. 2012లో కొలోను నగరపు కోర్టు ఒక ముస్లిం బాలుని విషయములో, మతాచారముగా చేయు సున్నతి శరీరమునకు గాయముచేయు నేరమని తీర్పు చెప్పగా యూదులును ముస్లిములును మిక్కిలి కలవరపడిరి. నాజీలు అరువది లక్షల యూదులను హతమార్చిన చరిత్రగల దేశములో ఆ కలవరము ఎట్టిదో ఊహింపవచ్చును. అదే సంవత్సరము డిసెంబరులో జర్మనీ పార్లమెంటు సున్నతిని అనుమతించు శాసనము చేసెను.

ప్రియ సంఘస్థులారా, గురుతు జనమును పుట్టింపలేదు. జనమే హింసలలో గురుతును మోసికొని వచ్చినది. గలతీ పత్రికను బోధించునప్పుడు సున్నతినుండి మనకు కలిగిన స్వాతంత్ర్యమును ధైర్యముగా చెప్పుదము. అయితే ఆ గురుతుకొరకు మరణించిన తల్లులను తలంచుకొని, యూదులను చులకనచేయు మాట మన పెదవులనుండి రానియ్యకుందము.