టెడ్ కార్బిట్ – పరుగు, కొలత

మన పల్లెలలో దూరమును చెప్పు విధములు పలు. కూతవేటు దూరమనిన నొకటి, కోసెడు దూరమనిన వేరొకటి. ఆమడ యనునది ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పొడవు. ఎండబడి నడచు బాటసారి “ఇంకెంత దూరము?” అని యడిగినచో, ఎదురు వచ్చువాడు జాలిపడి సగము తగ్గించి చెప్పును. భూమి మాట వచ్చినపుడు మాత్రము ఈ జాలి పనికిరాదు. గొలుసు పట్టుదుము, సర్వే రాయి వెదకుదుము, మూరెడు గట్టు కొరకు కోర్టునకైనను పోవుదుము. పరుగు పందెములకును అట్టి కొలతయే కావలెనని పట్టుబట్టి, యేండ్ల తరబడి పాటుపడిన యొక అమెరికా దేశస్థుని చరిత్రను నేడు మీకు వినిపింపదలచితిని. ఆయన పేరు టెడ్ కార్బిట్.

ఆయన 1919 జనవరి 31వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రమున, ప్రత్తి సేద్యము చేయు నల్లజాతి కుటుంబమున జన్మించెను. తాతల తరమువారు బానిసలు. కుటుంబము సిన్సినాటి నగరమునకు తరలిపోగా, అక్కడి విశ్వవిద్యాలయమున చదువుచు పరుగు పోటీలలో పాల్గొనెను. కాని కొన్ని పోటీలకు ఆయనను రానిచ్చెడివారు కారు. నల్లవానితో కలిసి పరుగెత్తుటకు తెల్లవారిలో కొందరు ఒప్పుకొనకపోవుటయే కారణము. మన యూళ్ల మంచినీటి బావుల కడ పూర్వము జరిగినది ఎరిగిన మీకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

1947లో ఆయన న్యూయార్కు పయనీర్ క్లబ్బున చేరెను. హార్లెములో 1936లో స్థాపింపబడిన ఆ సంఘము జాతిభేదము పాటింపక అందరిని చేర్చుకొనుచుండెను. వికలాంగులకు వ్యాయామ చికిత్స చేయుట ఆయన వృత్తి, భుక్తి దానివలననే. పరుగువలన కాసు రాదు. ఆ దినములలో మారథాను గెలిచినవానికి సైతము రొక్కమిచ్చు వాడుక లేదు.

1951లో, ముప్పదిరెండేండ్ల వయసున, బోస్టన్ నగరమున మొదటి మారథాను పరుగెత్తెను. మరుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలకు ఎంపికయ్యెను. ఒలింపిక్ మారథానున అమెరికా పక్షమున పరుగెత్తిన మొట్టమొదటి నల్లజాతీయుడు ఆయనయే. అక్కడ దక్కినది 44వ స్థానము. స్వర్ణపతకము చెకోస్లొవేకియా వీరుడు జాటొపెక్ గైకొనెను. 1954లో కార్బిట్ తన దేశపు మారథాను విజేత యయ్యెను. ఇంటినుండి పనికి పరుగెత్తి పోవుట ఆయన నిత్యకృత్యము. సెలవు దినమున మన్‌హట్టన్ దీవి చుట్టును ముప్పదియొక్క మైళ్లు తిరిగివచ్చి, తనివి తీరక రెండవ చుట్టు తిరిగిన దినములును కలవు.

ఆయన పతకములకంటె ఆయన చూపిన కొలత గొప్పదని నా యభిప్రాయము. మారథాను దూరము 26 మైళ్ల 385 గజములని 1921లో నిర్ణయమైనది. నిర్ణయము కాగితముమీద, పరుగు బాటమీద! కొందరు మోటారు బండిలో పోయి మీటరు చూచి సరిపెట్టుకొనుచుండిరి. 1950వ దశకమున బోస్టన్ బాటను బాగుచేసి వంకరలు తీసివేయగా, పందెము వేయి గజములకు పైగా కురుచయైపోయెను. కొన్ని యేండ్లవరకు ఎవ్వరును కనుగొనలేదు. ఆ నడుమ ప్రపంచమున కెల్ల వేగవంతమని పొగడబడిన పరుగు విలువ యేమి కావలెను? మోసము చేసినవాడు లేడు, అయినను పరుగెత్తినవాని కష్టము తప్పు కుంచముతో కొలువబడినది.

1958లో న్యూయార్కు బాటపరుగువారి సంఘము ఏర్పడగా కార్బిట్ దానికి తొలి అధ్యక్షుడయ్యెను. ఇంగ్లండున జాన్ జువెల్ అను నాయన సైకిలుతో బాటను కొలుచు పద్ధతిని పరిశీలించియుండెను. కార్బిట్ దానిని అభ్యసించి, 1964లో ఒక చిన్న పుస్తకముగ వ్రాసి తన దేశమున వ్యాపింపజేసెను.

పద్ధతి సులభమే, ఓపిక మాత్రము కావలెను. ముందు ఉక్కు టేపుతో తిన్నని బాటపై కొంత దూరము కొలిచి గురుతు పెట్టవలెను. ఆ దూరమున సైకిలును పలుమారులు నడిపి, ముందుచక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కింపవలెను. పిమ్మట పందెపు బాటనంతయు తొక్కి, చుట్ల లెక్కతో దూరము తేల్చవలెను. మూలలకడ పరుగరులు సందు దొరికిన చోటునెల్ల కోసి పోవుదురు గదా! కనుక కొలుచువాడును అదే దగ్గరిదారిని, బాట అంచున కొక యడుగు ఎడమున పోవలెను. ఎండ ముదిరినచో ట్యూబులో గాలి వేడెక్కి చక్రము రవంత ఉబ్బును, చుట్లు తగ్గును. అందువలన పని ముగిసినపిదప మరల టేపు బాటపై సైకిలును నడిపి సరిచూడవలెను. తరువాతి కాలమున వేయింటికొక వంతు అదనముగ కలుపు నియమము వచ్చినది. మారథానున అది సుమారు 42 మీటర్లు. ధాన్యము కొలిచినపిదప వేయు కొసరు వంటిదే యిది: ఎక్కువైన కావచ్చును, తక్కువ కారాదు.

కొలతలో మునిగినను ఆయన కాలు ఆగలేదు. లండన్ నుండి బ్రైటన్ వరకు గల ఏబదిరెండు మైళ్ల పరుగున పలుమారులు పాల్గొనెను. 1973లో, ఏబదినాలుగవ యేట, ఇంగ్లండున ఒక పగలు ఒక రాత్రి పరుగెత్తి 134 మైళ్లకు పైగా సాగెను. ఆ మరుసటి యేటినుండి ఉబ్బసము ఆయనను మునుపటివలె పరుగెత్తనీయలేదు. కాళ్లున్నవి గదా యని నడక సాగించెను. ఎనుబదిరెండేండ్ల వయసున ఆరు దినముల పోటీలో 303 మైళ్లు నడచెను! మన యూరి రచ్చబండకడ ఈ మాట చెప్పిన నమ్మువారెందరో నేనెరుగను.

ఆయన 2007 డిసెంబరు 12వ తేదీన మరణించెను. పెద్ద మారథాను పందెముల బాటలను నేటికిని సైకిలు చక్రముతోనే కొలుచుచున్నారు. బండ్ల సందడి లేని తెల్లవారుజామున, ముందు వెనుకల కాపలాతో, బాట అంచుననే కనుపెట్టుకొని, ఒకడు మెల్లగా తొక్కుచు పోవుచుండును.