దాడిలో గాయపడి దూరం ఆసుపత్రికి పోతే దారి ఖర్చు ఎవరిది?

అట్రాసిటీ కేసుల్లో పరిహారం లెక్క మన కార్యకర్తలకు నోటికి వచ్చు. ఎఫ్ఐఆర్ దశలో ఎంత, చార్జిషీటు వేశాక ఎంత అని తడుముకోకుండా చెబుతాం. తల పగిలిన మనిషిని మండల ఆసుపత్రి నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి ఉస్మానియాకో గుంటూరు జీజీహెచ్‌కో పంపినప్పుడు అయ్యే దారి ఖర్చు మాత్రం మన అర్జీల్లో అరుదుగా కనిపిస్తుంది. 108 ఒకవైపే తీసుకెళ్తుంది. తిరుగు ప్రయాణం, కట్టు మార్పించుకోవడానికి మళ్లీ మళ్లీ పోవడం, తోడు ఉన్నవాళ్లకు కూలి పోవడం, ఇవన్నీ ఆ కుటుంబం అప్పు చేసి భరిస్తుంది. చట్టం ప్రకారం అది ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమలుకు 1995లో నియమాలు చేశారు. వాటిలో 11వది పూర్తిగా ఈ ఖర్చుల గురించే. బాధితులకు, వారిపై ఆధారపడినవారికి, సాక్షులకు రానూపోనూ రెండో తరగతి రైలు చార్జీ గానీ, బస్సుకు, టాక్సీకి నిజంగా అయిన ఖర్చు గానీ ఇవ్వాలి. స్త్రీలు, మైనర్లు, 60 ఏళ్లు దాటినవారు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారు తమకు నచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడు మనిషి ఖర్చూ ప్రభుత్వానిదే. రోజు భత్యం వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకూడదు. భోజన ఖర్చు దానికి అదనం.

'ఇది కోర్టు వాయిదాలకే వర్తిస్తుంది' అనే మాట ఆఫీసుల్లో వినబడితే ఆరో ఉపనియమం చూపించండి. దర్యాప్తు అధికారి, ఎస్పీ, ప్రత్యేక కోర్టుతో పాటు ఆసుపత్రి అధికారుల దగ్గరికి వెళ్లడం కూడా అందులో రాసి ఉంది. డబ్బు వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైనా మూడు రోజులు దాటకూడదు. ఇవ్వాల్సింది కలెక్టర్, ఆర్డీవో లేదా మరో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. అంటే తహసీల్దారు కూడా తనకు సంబంధం లేదనడానికి వీల్లేదు. ఏడో ఉపనియమం కింద మందులు, ప్రత్యేక వైద్యుల సలహా, రక్తం ఎక్కించడం, కట్టుబట్టలు, భోజనం, పండ్ల ఖర్చు కూడా తిరిగి రావాలి. అయితే ఇది చట్టంలోని సెక్షన్ 3 కింద నేరం జరిగినప్పటి మాట. అందుకే ఎఫ్ఐఆర్‌లో ఆ సెక్షన్ పడిందో లేదో మొదటి రోజే చూసుకోవాలి. మామూలు కొట్లాట సెక్షన్లతో సరిపెడితే ఈ ఖర్చుల దారి కూడా అక్కడే మూసుకుపోతుంది.

పరిహారం మంజూరైంది కదా, మళ్లీ చార్జీలెందుకని అడిగేవాళ్లుంటారు. పరిహారం 12వ నియమం కింద వచ్చేది. ఇది వేరు, అందులోంచి కోయడానికి లేదు.

అర్జీ ఆర్డీవో పేర రాసి, ప్రతి కలెక్టరుకు పంపడం మేలు. ఎఫ్ఐఆర్ నకలు, రిఫరల్ చీటీ, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, బస్సు టిక్కెట్లు జత చేయాలి. ఆటోవాళ్లు రసీదు ఇవ్వరు గనుక తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని తెల్లకాగితం మీద రాసి డ్రైవరు సంతకం తీసుకుంటే నయం. తోడు మనిషి పేరు, ఎన్ని రోజులు ఉన్నదీ విడిగా రాయాలి. ఇన్‌వర్డ్ నంబరు లేకుండా ఆఫీసు నుంచి కదలొద్దు. ఆ నంబరు లేకపోతే మూడు రోజుల గడువు ఎప్పుడు మొదలైందో చూపించలేం.

ఆర్డీవో కదలకపోతే 2015 సవరణతో వచ్చిన సెక్షన్ 15ఏ ఉంది. దర్యాప్తు, విచారణ సమయాల్లో ప్రయాణ, పోషణ ఖర్చులు బాధితులకు అందేలా చూడటం ప్రత్యేక కోర్టు బాధ్యతని అది చెబుతుంది. స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా అక్కడ అడగవచ్చు. మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశంలో ఎన్ని కేసుల్లో 11వ నియమం కింద చెల్లించారో లెక్క అడగాలి. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.